ఇసుక పళ్ళెం

మేము బ్రాక్‌నెల్ వచ్చింది 2004 జనవరిలో. మావారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా అబ్బాయికి ఆరేళ్ళు, నాకు పదమూడేళ్ళ పంతులమ్మ ఉద్యోగం వదులుకుని వచ్చిన దిగులు. ఇంగ్లండు అంటే కోటలూ, రాతి చర్చిలూ ఊహించుకున్న నాకు లండన్‌కి పడమట ఉన్న ఈ ఊరు మన హౌసింగ్ బోర్డు కాలనీలా కనిపించింది. నిజానికి అలాంటిదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో ఇళ్ళు చాలక, 1949లో ప్రభుత్వం బ్రాక్‌నెల్‌ని 'కొత్త పట్టణం'గా ప్రకటించి పేటలు పేటలుగా కట్టింది. ప్రతి పేటకీ నాలుగు దుకాణాలు, ఒక ప్రాథమిక పాఠశాల. చిన్నపిల్లలు బడికి నడిచి వెళ్ళాలన్నది ఆ ప్లానులోనే ఉంది. మా ఇంటి నుంచి బడికి ఏడు నిమిషాల నడక.

వచ్చిన నెలన్నరకి మావాడు బడి నుంచి ఒక కాగితం తెచ్చాడు. క్లాసులో 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం గురించి చెబుతున్నారట. ఇంట్లో ఉన్న ఖాళీ అట్టపెట్టెతో ఆ కాలపు ఇల్లొకటి చేసుకుని రావాలట.

తెలుగువాళ్ళం కదా, హోమ్‌వర్కు అంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే. రెండు రాత్రులు కూర్చున్నాం. మావారు బ్లేడుతో కిటికీలు కోశారు. నేను తెల్లరంగు గోడల మీద నల్లటి దూలాలు దిద్దాను. ఇండియా నుంచి తెచ్చుకున్న కొబ్బరి చీపురు ఈనెలు విరిచి, ఒక్కొక్కటే అతికించి గడ్డి కప్పు వేశాను. మావాడు కాసేపు జిగురు డబ్బా పట్టుకుని నిలబడి, ఆవలించి, వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు క్లాసులో చూస్తే మిగతా ఇళ్ళన్నీ పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒకదానికి తలుపు నేలకి జానెడెత్తున ఉంది. మా ఇల్లు మాత్రం పెళ్ళిలో విడిదిల్లులా వెలిగిపోతోంది. టీచరు మెచ్చుకుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని మావాడిని అడిగింది, "ఈ కప్పు ఎలా వేశావు?" అని. వాడు జవాబు చెప్పకుండా నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు కొత్త కాదు. అంతకు పన్నెండేళ్ళ క్రితం, తెనాలి దగ్గర ఒక పల్లెటూరి బడిలో అలాంటి చూపే చూశాను.

నేను సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరింది 1991లో. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రమంతా నడుస్తున్న రోజులవి. పొడుగు పేరు పలకలేక ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి మేం 'ఏపీపెప్' అనేవాళ్ళం. 1980లలో కొద్ది బడుల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి పెద్దయెత్తున విస్తరించి, 1996 దాకా సాగింది. దానికి డబ్బు ఇచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం. గదులు కట్టారు, టీచర్లకి శిక్షణ ఇచ్చారు, చుట్టుపక్కల బడుల వాళ్ళం అప్పుడప్పుడూ కలుసుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. అప్పటి టీచర్లెవరైనా ఈ పుస్తకం చదువుతుంటే ఆరు సూత్రాలు గుర్తొచ్చే ఉంటాయి. టీచరు తానే కృత్యాలు తయారు చేసుకోవాలి. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగం చేసి నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య తేడాలని గమనించాలి. ఊళ్ళో చుట్టూ ఉన్నవాటినే వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడలకి పెట్టి గదిని కళకళలాడేలా ఉంచాలి.

నాకు ఆ శిక్షణ పండగలా అనిపించింది. అప్పటిదాకా నేను చదివిన చదువంతా ఎక్కాలు వల్లె వేయడమే. ఇక్కడ చింతపిక్కలతో కూడికలు, ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టి ఒకట్లూ పదులూ, సోడా మూతలతో ఆకారాలు. పదకొండు అంటే ఒక కట్ట, ఒక పుల్ల. పుల్లలు విప్పితే తప్ప పదకొండులోంచి మూడు తీయలేమని పిల్లలకి వాళ్ళ వేళ్ళే చెప్పేవి. 'అప్పు తెచ్చుకోవడం' అని మేం నల్లబల్ల మీద ఏడాదంతా చెప్పేది వాళ్ళకి ఒక్క పూటలో వచ్చేసింది.

కానీ ఊళ్ళో అందరికీ నచ్చలేదు. ఒక కూలి రైతు బడికొచ్చి అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను. "మట్టి పిసకటం, పుల్లలు లెక్కెట్టటం మా ఇంట్లో రోజూ ఉండేదే పంతులమ్మగారూ. ఆడికి నాలుగు అచ్చరాలొస్తే ఈ మట్టి తప్పిద్దని గదా మీ కాడికి పంపింది!" నేను నవ్వి సర్దిచెప్పాను. ఆయన మాట వెనక ఎంత చరిత్ర ఉందో అప్పుడు నాకు తెలీదు.

1992 ఏప్రిల్లో మా ఊరి చివర పేటలో మంటలు లేచి తాటాకిళ్ళు కాలిపోయాయి. మనుషులకి ఏమీ కాలేదు. మూడు రోజుల తర్వాత బడికి ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. గోడలు చూస్తే బోసిగా ఉన్నాయి. రాత్రికి రాత్రే చార్టులు తెచ్చి నేనే బొమ్మలు వేశాను. 'మా ఊరు' అని ఒకటి. బడి, గుడి, చెరువు, వరసగా ఇళ్ళు. కింద మూడో తరగతి పిల్ల పేరు రాశాను. ఆ పిల్లది కాలిన పేట.

వచ్చినవాళ్ళలో ఒకాయన చార్టు చూసి, "ఇది వేసిందెవరమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల లేచి నిలబడి నా వైపు చూసింది. మావాడు చూసినట్టే. ఆయన ముందుకు వెళ్ళిపోయారు. వాళ్ళంతా వెళ్ళాక నా దగ్గరకొచ్చి మెల్లిగా, "అది నేను వెయ్యలేదు టీచర్. మా ఇళ్ళు అట్టా దూరం దూరం ఉండవు. చూరుకి చూరు తగులుద్ది. అందుకే గదా అన్నీ కాలినియ్యి," అంది. "ఇప్పుడవన్నీ ఎందుకు, వెళ్ళి కూర్చో," అన్నాను.

ఆ తప్పు పథకానిది కాదు, నాది. అయితే బ్రాక్‌నెల్‌లో అట్ట ఇల్లు చూశాకే నాకు అది తప్పని తోచింది.

ఆ మరుసటి ఏడాది నేను ఇక్కడే ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. మొదట మధ్యాహ్నం పిల్లల్ని చూసుకునే పని, తర్వాత టీచింగ్ అసిస్టెంట్. చేరిన వారంలోనే నాలుగేళ్ళ పిల్లల గదిలో ఒక బల్ల మీద ఇసుక పోసిన పళ్ళెం కనిపించింది. పిల్లలు చూపుడు వేలితో అందులో అక్షరాలు రాస్తున్నారు. తప్పు పోతే పళ్ళెం కదిపితే చాలు, పలక శుభ్రం. "మా ఊళ్ళో కూడా ఇలాగే నేర్పేవాళ్ళు," అన్నాను పక్కనున్న టీచరుతో. మా తాతయ్య వీధిబడిలో ఇసుక మీదే ఓనమాలు దిద్దాడు. నా అక్షరాభ్యాసం పళ్ళెంలో పోసిన బియ్యం మీద. ఆవిడ ఆశ్చర్యపోయి, "అయితే ఇది అక్కడికి కూడా వెళ్ళిందన్నమాట!" అంది.

వెళ్ళిందా, వచ్చిందా అన్న అనుమానంతో బ్రాక్‌నెల్ లైబ్రరీలో పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. అక్కడ దొరికాడు ఆండ్రూ బెల్.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టిన ఈ పాదిరీ 1787లో మద్రాసు వచ్చాడు. రెండేళ్ళకి ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమానికి పెద్ద అయ్యాడు. ఒక ఉదయం గుర్రం మీద పోతూ ఒక వీధిబడిలో పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో అక్షరాలు రాయడం చూశాడు. తన బడిలో అలాగే చేయమంటే కింద పనిచేసే ఉపాధ్యాయుడు కుదరదన్నాడు. అప్పుడు బెల్ ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాడికి అప్పగించాడు. పెద్దవాళ్ళు కుదరదన్నది ఆ కుర్రాడు చేసి చూపించాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పే పద్ధతి అలా ఆ ఆశ్రమంలో పాతుకుంది.

1796లో బెల్ ఇంగ్లండు తిరిగి వచ్చి, మరుసటి ఏడాది తన ప్రయోగం గురించి చిన్న పుస్తకం వేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంకొకాయన అలాంటి పద్ధతితోనే లండన్‌లో బడి నడిపాడు. 1811లో ఇంగ్లండు చర్చి వాళ్ళు నేషనల్ సొసైటీ పెట్టి, ఊరూరా పేదపిల్లలకి బెల్ పద్ధతిలో బడులు తెరిచారు. దాన్ని అందరూ 'మద్రాసు పద్ధతి' అనేవారు. ఈనాటికీ ఈ దేశంలో ఎన్నో చర్చి ప్రాథమిక పాఠశాలల పుట్టుక అక్కడే. బెల్ 1832లో చనిపోతే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పాతిపెట్టారు. ఆయన వదిలిన డబ్బుతో సొంతఊళ్ళో కట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. దాని పేరు మద్రాస్ కాలేజ్!

బెల్ చూసింది మద్రాసు పక్కన. మన తెలుగు బడుల గురించి ఏమైనా ఉందా అని వెతికితే బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ కనిపించాడు. తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించినవాడే. మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లో బడుల లెక్క అడిగితే 1823లో నివేదిక పంపాడు. బళ్ళారి జిల్లాలో మొత్తం 533 బడులు, వాటిలో 226 తెలుగువి. తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పెద్దపిల్లల చేత చిన్నవాళ్ళకి చెప్పించడం మెచ్చుకోదగ్గవనీ, ఇంగ్లండు వాటిని అనుకరించడం న్యాయమేననీ రాశాడు. మనవాళ్ళ లోపం కూడా దాచలేదు. పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లె వేస్తున్నారన్నాడు. బడులు తగ్గిపోవడానికి కారణం కూడా చెప్పాడు. యూరపు బట్టలు వచ్చి మన నేతపని దెబ్బతిని, దేశం బీదదై, పిల్లల్ని బడికి పంపే స్తోమత తల్లిదండ్రులకి లేకుండా పోయిందని. ఒక పక్క మన ఇసుక పళ్ళెం ఓడెక్కి ఇక్కడికి వస్తుంటే, మరో పక్క ఇక్కడి బట్టల బేళ్ళు ఓడెక్కి అక్కడికి పోయి ఆ బడులనే మూయించాయన్నమాట.

ఇది చదివి పొంగిపోయి, "చూశారా, అంతా మనదే!" అని మావారికి చెప్పాను. నాలుగు రోజులాగి ఆలోచిస్తే ఆ గర్వం నిలవలేదు. ఇసుక ఇంగ్లండు వచ్చింది గానీ వీధిబడి రాలేదు. బెల్, లాంకాస్టర్ బడుల్లో ఒకే హాల్లో వందల మంది పిల్లలు, వాళ్ళందరికీ ఒకే పంతులు, ఆజ్ఞ అందితే ఒక్కసారిగా చేతులు ఎత్తడం, దించడం. కాగితం ఖర్చు లేకుండా పేదలకి నాలుగక్షరాలు నేర్పే యంత్రంగా మారింది. పద్ధతి ప్రయాణం చేస్తే ముందు వెళ్ళేది వస్తువు. దాని వెనకున్న ఆలోచన తరచు రేవులోనే దిగబడిపోతుంది.

1862 నుంచి ఇంగ్లండులో ఇంకో ఏర్పాటు వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడితే ఎంతమంది నెగ్గితే బడికి అంత డబ్బు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అలాంటి గ్రాంట్లు వచ్చాయి. చేత్తో చేసేదానికి మార్కులు లేవు కాబట్టి రెండు దేశాల్లోనూ వల్లెవేతే రాజ్యమేలింది.

దాని మీద తిరుగుబాటు మన దేశంలో గాంధీగారి నుంచి వచ్చింది. 1937 అక్టోబరులో వార్ధాలో సభ పెట్టి, జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేసి, చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. నూలు వడుకుతూ పత్తి పండే నేల గురించి భూగోళం, పోగుల లెక్కతో గణితం, బట్టల వర్తకంతో చరిత్ర. మన జిల్లాల్లో కూడా బేసిక్ స్కూళ్ళు, బేసిక్ ట్రైనింగ్ స్కూళ్ళు వచ్చాయి. కానీ ఎక్కువ చోట్ల తకిలీ మిగిలింది, పాఠం దాన్ని అంటుకోలేదు.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ, పల్లెటూరి పిల్లలకి రోజులో సగమే బడి, మిగతా వేళ ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవడం అనే పథకం పెట్టారు. ఇది కులవృత్తి చదువని జనం మండిపడ్డారు. మరుసటి ఏడాది రాజాజీ దిగిపోయాక కామరాజ్ దాన్ని రద్దు చేశారు. ఇది చదువుతుంటే మా ఊరి కూలి రైతు నా కళ్ళ ముందు నిలబడ్డాడు. బ్రాక్‌నెల్‌లో మట్టి పిసికే పిల్లవాడికి అది ఆట. మన ఊళ్ళో కొందరు పిల్లలకి అది తప్పించుకోవాల్సిన తలరాత. చేత్తో నేర్చుకునే చదువు ఆ పిల్లల్ని అక్షరం దాకా తీసుకెళ్ళకపోతే ఆయన అనుమానమే నిజం. నేనప్పుడు నవ్వకుండా, ఆయన్ని కూర్చోబెట్టి పుల్లలకట్ట విప్పి తీసివేత చూపించి ఉండాల్సింది.

ఇక అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి. ఇంగ్లండులో ప్రాథమిక విద్య మీద లేడీ బ్రిజెట్ ప్లౌడెన్ అధ్యక్షతన వేసిన సంఘం 1967లో నివేదిక ఇచ్చింది. పిల్లవాడే కేంద్రం, చేసి తెలుసుకోవడమే చదువు అన్న భావానికి ఈ దేశంలో అది జెండా. దాని మీద వాదాలు ముదిరి, 1988లో కొత్త చట్టంతో దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక, ఏడేళ్ళకీ పదకొండేళ్ళకీ పరీక్షలు వచ్చాయి. ప్రాజెక్టుల పేరుతో కాలక్షేపం జరుగుతోందని 1992లో ప్రభుత్వం అడిగి రాయించుకున్న నివేదికే తప్పుపట్టింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే, తన ఇంట్లో తగ్గించుకుంటున్న పద్ధతికి మన ఆంధ్రలో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు పెట్టింది. తెనాలి దగ్గర నేను చింతపిక్కలు పంచుతున్నప్పుడు, బ్రాక్‌నెల్‌లో నాలాంటి టీచరు పరీక్షల కాగితాలు సర్దుకుంటూ ఉండి ఉంటుంది.

మరి ఎక్కడా నిలవలేదా అంటే, నిలిచింది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు మొదలుపెట్టారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు. వాళ్ళు పాఠాలని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద మెట్లు మెట్లుగా ఒక నిచ్చెన గీశారు. పిల్లవాడు తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుని పని చేస్తాడు. రెండు వారాలు పత్తి ఏరడానికి వెళ్ళి వచ్చిన పిల్ల ఆగిన చోటే మొదలుపెట్టవచ్చు. కర్ణాటక టీచర్లు అది చూసి వెళ్ళి 1995లో 'నలి కలి' మొదలుపెట్టారు. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి. ఇంతకీ అక్కడ కార్డులు గొప్పవని కాదు. మన పల్లెటూరి పిల్ల బతుకు ఎలా ఉంటుందో ముందు చూసి, తర్వాత చదువుని దానికి తగ్గట్టు కోశారు. మేం చదువు తెచ్చి గోడకి అంటించాం.

కొన్నేళ్ళ తర్వాత మా బడిలో మళ్ళీ లండన్ అగ్నిప్రమాదం పాఠం వచ్చింది. ఈసారి టీచరూ నేనూ కలిసి ఇళ్ళు బడిలోనే చేయించాం. నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. నిజంగా కట్టుకున్నాను, లేకపోతే వంకర గోడ కనబడితే వేళ్ళు ఊరుకోవు. నేను ఈనెలతో వేసిన కప్పు ఎంత తప్పో కూడా అప్పుడే తెలిసింది. లండన్‌లో గడ్డికప్పులు 13వ శతాబ్దం మొదట్లోనే నిషేధించారట. రెండు రాత్రులు కూర్చున్న పెద్దవాళ్ళం ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి అడగాలని తోచలేదు.

ఆటస్థలంలో అగ్నిమాపక సిబ్బంది పక్కన నిలబడగా అట్ట ఇళ్ళని రెండు వరసలు పెట్టాం. ఒక వరసలో గోడకి గోడ ఆనించి, ఇంకో వరసలో మధ్యలో రెండిళ్ళు తీసేసి ఖాళీ వదిలి. తూర్పు నుంచి కాస్త గాలి ఉంది. 1666 సెప్టెంబరు 2న పుడ్డింగ్ లేన్‌లో రొట్టెలకొట్టు అంటుకున్నప్పుడు కూడా తూర్పుగాలే. మొదటి వరస చివరిదాకా కాలింది. రెండో వరసలో మంట ఖాళీ దగ్గర ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఒక పిల్లవాడు, "మరి మధ్య ఇళ్ళు ముందే పడగొట్టాల్సింది!" అని అరిచాడు. లండన్‌లో కొక్కేలతో ఇళ్ళు లాగి పడగొట్టాలనుకున్నదీ, ఆ నిర్ణయం ఆలస్యమైనదీ, అందువల్ల 13,200 ఇళ్ళూ 87 చర్చిలూ పోయినదీ తర్వాత చెబితే, అప్పటికే తెలిసిన సంగతిలా తలలూపారు.

నేను ఆ పొగ వాసనలో నిలబడి, చూరుకి చూరు తగులుద్ది అన్న పిల్లనే తలుచుకున్నాను. ఇక్కడి పిల్లలు అట్టలు కాల్చి తెలుసుకున్నది ఆ పిల్లకి ఇల్లు కాలి తెలిసింది. చుట్టూ ఉన్నదాన్నే పాఠం చేయమన్న సూత్రాన్ని నేను శిక్షణలో రాసుకున్నాను, చార్టు కట్టాను, ఆ పాఠం నా ఎదురుగా వచ్చి నిలబడితే కూర్చోమన్నాను.

కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు ఆ ఊరు వెళ్ళాను. పేటలో ఇప్పుడు డాబాలు లేచాయి. ఆ పిల్ల ఎక్కడ ఉందో కనుక్కుంటే పెళ్ళై గుంటూరులో ఉందన్నారు. ఫోన్ నంబరు ఇచ్చారు. చేశాను. గుర్తుపట్టి, "బాగున్నారా టీచర్?" అంది. చార్టు సంగతి చెప్పి, ఆ రోజు నువ్వు చెప్పింది వినకపోవడం నా తప్పమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వుతూ, "నాకా చార్టు గుర్తులేదు టీచర్. పుల్లలకట్టలు గుర్తున్నాయి. మా పాపకి తీసివేతలు ఇప్పుడు వాటితోనే చెబుతున్నా," అంది.